అధ్యాపకుని నాయకత్వము - విద్యార్థి కర్తృత్వము

ఇటీవల ప్రాచ్య కళాశాలల సమావేశములలో 'నాయకత్వ లక్షణములు' అను మాట తరచుగ వినబడుచున్నది. యువ అధ్యాపకులను శిక్షణ తరగతులకు పంపుచున్నారు. తిరిగివచ్చిన పిమ్మట వారికి ఏదో ఒక సంఘ బాధ్యతయో, వార్షికోత్సవ నిర్వహణయో, మూల్యాంకన బృందము రాకముందు దస్త్రములు సిద్ధపరచు పనియో అప్పగించుచున్నారు. ఆ పనిని నెరవేర్చినవానిని మంచి నాయకుడని మెచ్చుకొనుచున్నారు. అతడు తరగతిలో రఘువంశమును ఎట్లు చెప్పుచున్నాడని అడుగువారు మాత్రము అరుదు. నాయకత్వము వేరు, పాఠప్రవచనము వేరు అను భావము మనలో స్థిరపడినట్లున్నది. ఈ భావము సరికాదని నా అభిప్రాయము. యువ అధ్యాపకుని నాయకత్వ రీతియే అతని బోధనరీతిని చాలవరకు నిర్ణయించుచున్నది. ఆ రీతిని అతనికి నేర్పినవారము పెద్దలమైన మనమే. కావున ఈ చర్చలో మన పాత్రను కూడ చేర్చుకొనక తప్పదు.

పెద్దలు కలిసినపుడు "ఈనాటి యువకులకు శాస్త్రపరిచయము చాలదు" అని వాపోవుదురు. యువకులు కలిసినపుడు "మాకు స్వాతంత్ర్యము లేదు" అని నొచ్చుకొందురు. రెండింటను కొంత సత్యము కలదు. అయినను తరగతిగదిలో కూర్చున్న విద్యార్థిని గూర్చి ఇరువురును మాటలాడుట లేదు. ఆ విద్యార్థి దిక్కునుండి ఈ విషయమును పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పద విచారము

'నాయక' శబ్దము తీసికొనిపోవుట, చేర్చుట అను అర్థముగల 'నీ' ధాతువు నుండి పుట్టినది. ఈ ధాతువు ద్వికర్మకమని చెప్పునపుడు మేకను ఊరికి తోలుకొనిపోవువాని ఉదాహరణమును మనమందరము చదివియున్నాము. అచట మేక కర్మ, ఊరును కర్మయే. కాళ్ళతో నడచునది మేకయే అయినను, ఎచటికి, ఎందులకు అను విషయములలో దానికి ప్రమేయము లేదు.

'అధ్యాపక' శబ్దము అట్టిది కాదు. అధిపూర్వకమైన 'ఇ' ధాతువునకు అధ్యయనము చేయుట అని అర్థము. దానికి ప్రేరణార్థకమైన ణిచ్చు, పిదప ణ్వుల్ ప్రత్యయము చేరగా అధ్యాపకుడగును. అనగా అధ్యయనము చేయించువాడు. చదువువాడు శిష్యుడు, చదివించువాడు గురువు. గురువు హేతుకర్త; శిష్యుడు ప్రయోజ్యకర్త. ప్రేరణార్థకమున కొన్ని ధాతువుల విషయములో ప్రయోజ్యకర్తకు కర్మసంజ్ఞ కలిగి ద్వితీయా విభక్తి వచ్చుననియు, అధ్యాపనము అట్టి వానిలో ఒకటియనియు మనకు తెలిసినదే. కాని విభక్తి మారినంత మాత్రమున చదువు అను క్రియ శిష్యుని విడిచిపోదు. వాక్యములో కర్మగా కనబడినను, చదువునది వాస్తవముగా అతడే.

మన తరగతిగదులలోని చిక్కు అంతయు ఇచ్చటనే యున్నది. విద్యార్థి రూపమున కర్మగా కనబడుటచేత, స్వభావమునను కర్మయే అనుకొని మేకను తోలినట్లు తోలుచున్నాము. యువ అధ్యాపకునికి మనము నాయకత్వము నేర్పదలచినచో, అతడు నేర్వవలసినది మేకను తోలువాని నాయకత్వము కాదు. అధ్యయనము చేయించువాని నాయకత్వము.

ఈ నేలలో గురుత్వము

మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో ప్రారంభించిన విద్యావిచారణకు సమాధానముగ గుంటూరు కలెక్టరు 1823లో ఒక నివేదిక పంపెను. ప్రభుత్వ పోషణగల విద్యాపీఠములు ఈ జిల్లాలో లేకపోయినను, ధర్మశాస్త్ర జ్యోతిషాదులను పండితులు స్వగృహములందే బోధించు తావులు 171 కలవనియు, అచట 939 మంది శిష్యులు చదువుచున్నారనియు అందులో పేర్కొనబడినది. ఆ పండితులు శిష్యులనుండి రుసుము తీసికొనలేదు. పూర్వులకు లభించిన మాన్యములే వారికి జీవనాధారము. పైచదువు కోరినవారు కాశికి, నవద్వీపమునకు పోయి ఏండ్ల తరబడి ఉండెడివారట.

ఈ అంకెలను చూచి గర్వపడుటకు ముందు వానిని కొంచెము పరిశీలింపవలెను. 939 మందిని 171 తావులకు పంచినచో, ఒక్కొక్క గురువునకు సగటున ఐదారుగురు శిష్యులు. ఐదుగురిని ఎదుట కూర్చుండబెట్టుకొన్న గురువునకు ఎవడు చదివెనో, ఎవడు చదువలేదో చెప్పుటకు హాజరుపట్టీ అక్కరలేదు. గురువుగారి అధికారము ఆయన ఇల్లు, ఆయన ఆచారము, ఆయన భుక్తి, ఆయన పాండిత్యము అను నాలుగు స్తంభములపై నిలిచియుండెను. ఇవి యన్నియు అట్లే యున్నవని తలచి మనము నేటికిని మాటలాడుచున్నాము.

నేను పాఠశాలలో చదివిన నాటికి ఆ పద్ధతి చివరి దశలో నుండెను. వారములు చేసికొని భోజనము, తెల్లవారుజామున సంత, పిదప వల్లె వేయుట, మధ్యాహ్నము కొత్త పాఠము, సాయంకాలము చింతన. గురువుగారి కోపమును గూర్చి మా తరమువారు కథలుగా చెప్పుకొందురు. కాని నన్ను చదివించినది ఆ కోపము కాదని ఇంత వయస్సు వచ్చిన తరువాత తెలిసికొంటిని. నన్ను చదివించినది సాయంకాలపు చింతన. ఆ సమయమున గురువుగారు ఉండెడివారు కారు. పెద్ద విద్యార్థి ఒకడు మధ్య కూర్చుండి పగటి పాఠమును మాచేత మరల చెప్పించెడివాడు. ఒకడు పదచ్ఛేదము చేసినచో వేరొకడు విగ్రహవాక్యము చెప్పెడివాడు. సందేహము తీరకున్నచో మరునాటికి నిలుపుకొని గురువుగారిని అడిగెడివారము. ఆయన "నిన్న మీరేమని తేల్చుకొంటిరి?" అని మొదట మమ్ములనే అడిగెడివారు. పిమ్మటనే సమాధానము చెప్పెడివారు.

పెద్ద విద్యార్థి చిన్నవారికి చెప్పు ఈ పద్ధతిని పరాయి దేశస్థులు కూడ గ్రహించిరి. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమమున పనిచేయుచు, దేశీయ బడిలో పిల్లలు ఇసుకపై వ్రాయుట చూచి, ఆ పద్ధతిని, తోటి విద్యార్థులచేత చెప్పించు పద్ధతిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. 1797లో లండనులో దానిని గూర్చి గ్రంథము ప్రకటించెను. అది మద్రాసు పద్ధతియని ఇంగ్లండులో ప్రసిద్ధి కెక్కినది. మనము మాత్రము దానిని మన కళాశాలల టైంటేబుల్ నుండి తొలగించుకొంటిమి.

అయితే పూర్వ పద్ధతిలోని లోపమును చెప్పక దాటిపోవుట న్యాయము కాదు. ఆ గృహములలోనికి ఎవరికి ప్రవేశము ఉండెను? మా పాఠశాలలో ఒక్క ఆడపిల్లయు లేదు. ఇతర కులముల పిల్లలు లేరు. అది మాకు వింతగ తోచలేదు. అట్లు తోచకపోవుటయే నేడు నాకు వింతగ నున్నది. ఈ ప్రాంతముననే ఆ గీతను దాటిన గురువులు కలరు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువాకు మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము చెప్పినవారు జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు. ఆ శిష్యుడు పిదప ఉభయభాషాప్రవీణుడై గుంటూరులో తెలుగు పండితుడుగా పనిచేసి, మహాకవియై పేరుగాంచెను. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనమును స్థాపించి స్త్రీలకు విద్య నేర్పించిరి. అధ్యాపకుని నాయకత్వమునకు ఉదాహరణము చూపుడని నన్నడిగినచో ముందుగ హనుమచ్ఛాస్త్రిగారినే చూపుదును. ఆయన సంఘములకు అధ్యక్షత వహించి ఆ పని చేయలేదు. ఎదుట కూర్చున్నవానికి కాళిదాసును చెప్పి చేసెను.

నేటి తరగతి

నేడు మన ప్రాచ్య కళాశాలలలో కూర్చున్నవారెవరు? నల్లరేగడి పొలములలో పత్తి, మిరప పండించు రైతుల పిల్లలు, కౌలుదారుల పిల్లలు, కూలికి పోవువారి పిల్లలు. వీరిలో చాలమందికి ఇంట సంస్కృతము మాట అటుంచి, గ్రంథమే లేదు. ఆడపిల్లలు గణనీయముగ నున్నారు. పత్తితీత ముగియకముందే మిరపకోతలు మొదలగును. జనవరి నుండి ఏప్రిల్ వరకు కోత, కల్లములలో ఆరబెట్టుట, తాలుకాయ ఏరుట, గుంటూరు యార్డునకు టిక్కీలు తోలుట జరుగుచుండును. మన వార్షిక పరీక్షలకు సిద్ధము కావలసిన మాసములును అవియే. ఈ విద్యార్థికి గురువుగారి ఇంటి ఆచారముతో గాని, మాన్యముతో గాని సంబంధము లేదు. పూర్వపు నాలుగు స్తంభములలో మిగిలినది పాండిత్యమొక్కటియే. అదియు విద్యార్థికి అందినపుడే అధికారమగును.

ఇక యువ అధ్యాపకుని స్థితిని చూడుడు. 2021లో ఎయిడెడ్ కళాశాలల సిబ్బందిని ప్రభుత్వములోనికి తీసికొను ప్రక్రియ సాగినపుడు పలుచోట్ల అనుభవజ్ఞులు తమ కళాశాలలను విడిచిపోయిరి. వారి స్థానమున గంటల లెక్కన, తాత్కాలిక పద్ధతిన చేరిన యువకులున్నారు. వచ్చే ఏడు తానుండునో ఉండడో తెలియనివాడు విద్యార్థిని మూడేండ్లు నడిపింపగలడా? అతనికి నాయకత్వ లక్షణములు లేవని అనుటకు ముందు, నాయకత్వమునకు అతనికి మనము ఏమాత్రము చోటిచ్చితిమో ఆలోచింపవలెను.

మూడు రీతులు

పరీక్షకుడుగను, అతిథి ఉపన్యాసకుడుగను కొన్ని కళాశాలలకు పోయినపుడు యువ అధ్యాపకుల తరగతులలో వెనుకబల్లపై కూర్చుండి వినుట నాకు అలవాటు. అచట నాకు మూడు రీతులు కనబడినవి.

మొదటిది శాసనరీతి. ఈ అధ్యాపకుడు నోట్సు చెప్పును, విద్యార్థులు వ్రాసికొందురు. శ్లోకము, ప్రతిపదార్థము, తాత్పర్యము, రాదగిన ప్రశ్నలు - అన్నియు అతని నోటినుండియే వచ్చును. అతడు కోపిష్ఠి కానక్కరలేదు. చాల సౌమ్యుడు కూడ కావచ్చును. కాని తరగతిలో ఏ పనియు విద్యార్థి చేయునది కాదు, వ్రాయుట తప్ప. గది నిశ్శబ్దముగ నుండుటచేత ప్రిన్సిపాలుగారు దాటిపోవుచు సంతోషింతురు.

రెండవది ఉపేక్షారీతి. ఈ అధ్యాపకుడు విద్యార్థులతో స్నేహముగ నుండును, సరదాగ మాటలాడును. "మీకు తోచినది చదువుకొనుడు" అని గైడు పేరు చెప్పి విడిచిపెట్టును. దీనిని స్వేచ్ఛయని అతడు భావించును. ఇంట పుస్తకము గల విద్యార్థికి ఇది కొంత చెల్లును. ఇంట పుస్తకము లేనివానికి ఇది స్వేచ్ఛ కాదు, దిక్కు లేకపోవుట.

మూడవది సహాధ్యయనరీతి. ఈ అధ్యాపకుడు పాఠమును తానే నడుపును. కాని అడుగడుగున విద్యార్థిచేత పని చేయించును. దండాన్వయము తాను వల్లించుటకు బదులు, క్రియాపదమును పట్టుకొని ఖండాన్వయ పద్ధతిన "ఎవడు? దేనిని? ఎట్టి దానిని? ఎచట?" అని ఆకాంక్షను రేపి, సమాధానమును విద్యార్థులచేతనే శ్లోకములోనుండి ఏరించును. తప్పు చెప్పిన విద్యార్థిని కూర్చుండుమనడు. ఆ తప్పు ఏ విభక్తిని ఏమరుటచేత వచ్చెనో అతనిచేతనే పట్టించును.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఒక కళాశాలలో యువ అధ్యాపిక రఘువంశము నాలుగవ సర్గము చెప్పుచున్నది. రఘువు దిగ్విజయములో మలయపర్వత సమీపమునకు సేన చేరిన ఘట్టము. కొండ దిగువ నేలలలో మరీచ వనములు, వానిలో ఎగురు హారీత పక్షులు వచ్చును. 'మరీచ' శబ్దమునకు అర్థమేమని ఆమె అడుగగా, ఒకరిద్దరు 'మిరప' అనిరి. అంతలో వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మా చేలో మిరపచెట్టు నడుమెత్తు కూడ మించదు. నీడ ఉంటే కాపే ఉండదు. కొండ కింద అడవిలో అది ఎట్లా పెరుగుతుంది?" అని అడిగినది.

శాసనరీతి అధ్యాపకుడైనచో "మరీచ మనగా మిరియము, వ్రాసికొనుము" అని ముగించెడివాడు. ఈ అధ్యాపిక అట్లు చేయలేదు. మిరపకు ఎట్టి నేల, ఎంత ఎండ కావలెనో ఆ అమ్మాయిచేతనే చెప్పించినది. చెట్లను అల్లుకొని నీడలో పెరుగు తీగ ఏదియని తరగతిని అడిగినది. మిరియమని ఎవరో చెప్పిరి. పిమ్మట, మిరప అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చినదనియు, 1492లో కొలంబస్ ఆ ఖండమును చేరుటకు పూర్వము మన కవులెవ్వరును దానిని ఎరిగియుండరనియు, కారపు రుచిచేత మిరియపు పేరే దానికి సంక్రమించి మిరపయైనదనియు వివరించినది. ఇరువది నిముషములు పట్టినది. ఆ దినమున రెండు శ్లోకములు మాత్రమే జరిగినవి. కాని ఆ గదిలో మరీచ శబ్దమును ఎవరును మరువరు. అంతకంటె ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. తన చేని జ్ఞానము కాళిదాసు శ్లోకమునకు పనికివచ్చునని ఒక రైతుబిడ్డ తెలిసికొన్నది. తరువాతి శ్లోకమునకు ఆమె తానే అన్వయము ప్రారంభించినది.

ఈ మూడు రీతులను పాశ్చాత్య శాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనువారు పదేండ్ల బాలుర బృందములపై ప్రయోగములు చేసి 1939లో ఫలితములు ప్రకటించిరి. ఆజ్ఞాపించు నాయకుడు, కలిసి నిర్ణయించు నాయకుడు, పట్టించుకొనని నాయకుడు - ఈ మువ్వురి క్రింద బాలురు ఎట్లు పనిచేయుదురని చూచిరి. ఆజ్ఞాపించు నాయకుడు ఎదుట నున్నంతసేపు పని బాగుగనే సాగినది. అతడు గది వెలుపలికి పోగానే చాలవరకు ఆగినది. కలిసి నిర్ణయించు నాయకుని బృందము అతడు లేనపుడును ఇంచుమించు అట్లే పనిచేసినది. మా పాఠశాలలోని చింతన నాకు ఇచటనే గుర్తుకు వచ్చును. గురువు లేని గంటలో శిష్యులు ఏమి చేయుదురు అను దానినిబట్టి గురువును కొలువవలెనని ఆ ప్రయోగము చెప్పుచున్నది. దీనిని చూచి అంతయు మనకు ముందే తెలియునని చంకలు కొట్టుకొనుట వలదు. ఇది విదేశీయమని త్రోసివేయుటయు వలదు. మన చింతన ఫలించుటకు కారణమేమో వారి ప్రయోగమువలన మనకు స్పష్టమైనది, అంతవరకు గ్రహింతము.

ఒక ఒప్పుకోలు

ఇతరుల తరగతులను గూర్చి ఇంత వ్రాసిన పిమ్మట నా తరగతిని గూర్చి వ్రాయకుండుట ధర్మము కాదు. అధ్యాపకుడనైన తొలి ఏండ్లలో నేను శాసనరీతివాడను. తప్పు చెప్పినవానిని గంటసేపు నిలువబెట్టెడివాడను. మా గురువుగారి కోపమును అనుకరించితిని గాని, "నిన్న మీరేమని తేల్చుకొంటిరి?" అను ఆయన ప్రశ్నను అనుకరింపలేదు. కోపమును అనుకరించుట సులభము.

నా తరగతిలో ఒక కౌలురైతు కుమారుడు ఉండెను. రెండవ వరుసలో కూర్చుండెడివాడు. ఎన్నడును నోరు విప్పలేదు. పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను, భాషాపండితుడుగా ఉద్యోగములో చేరెను. చాల ఏండ్ల తరువాత తన పాఠశాలకు నన్ను ఆదరముతో పిలిచి, తన తరగతిని చూపెను. నలుబదిమంది పిల్లలు. ఒక్క ధ్వని లేదు. అతడు పద్యము చదివెను, అర్థము చెప్పెను, పిల్లలు వ్రాసికొనిరి. వెలుపలికి వచ్చిన తరువాత "పిల్లలు చాల క్రమశిక్షణతో ఉన్నారు" అంటిని.

"మీ దగ్గర నేర్చుకున్నదే గురువుగారూ. మూడేళ్ళు మీ క్లాసులో నేను ఒక్క మాట మాట్లాడలేదు. మా పిల్లలు కూడా అంతే" అని అతడు చేతులు జోడించెను.

అతడు నిష్ఠూరముగ అనలేదు; భక్తితోనే అన్నాడు. అందువలననే ఆ మాట నాకు నేటికిని మనస్సులో గుచ్చుకొనుచున్నది. నేను అతనికి చెప్పిన శ్లోకములు ఎన్ని అతనికి జ్ఞాపకమున్నవో తెలియదు. నేను తరగతిని నడిపిన రీతి మాత్రము పూర్తిగ అతనికి సంక్రమించినది; అతనినుండి నలుబదిమందికి సంక్రమించుచున్నది. మన కళాశాలల విద్యార్థులలో అనేకులు ఉపాధ్యాయులగుదురు. కావున మన నాయకత్వ రీతి ఒక్క గదితో ఆగిపోవునది కాదు.

ఆక్షేపములు

ఇట్లు చెప్పినచో కొందరు పెద్దలు మూడు ఆక్షేపములు తెత్తురు. మొదటిది: భయము లేనిదే కంఠస్థము రాదు. కంఠస్థము అవసరమే, రూపములు, సూత్రములు నోటికి రానివానికి శాస్త్రము రాదు. కాని కంఠస్థమునకు కారణము ఆవృత్తి గాని భయము కాదు. ఆవృత్తి భయములేక జరుగగలదు. చింతనలో మాకు జరిగినది.

రెండవది: విద్యార్థులను మాటలాడనిచ్చినచో పాఠ్యభాగము పూర్తికాదు. అధ్యాపకుడు పూర్తిచేయుట వేరు, విద్యార్థికి పూర్తియగుట వేరు. నోట్సు మూలమున ఐదు సర్గములు పూర్తిచేసిన విద్యార్థికి, చదువని శ్లోకమొకటి ఇచ్చి అన్వయము చేయుమని అడిగి చూడుడు. ఏమి పూర్తియైనదో అప్పుడు తెలియును. అయినను సమయము పరిమితమనుట సత్యమే. అన్ని శ్లోకములను సహాధ్యయనరీతిన చెప్పుట సాధ్యము కాదు. ఏది తాను చెప్పవలెనో, ఏది విద్యార్థిచేత చెప్పింపవలెనో ఎంచుకొనుటలోనే అధ్యాపకుని నేర్పు కలదు.

మూడవది: చనువిచ్చినచో గౌరవము పోవును. సహాధ్యయనము చనువు కాదని పైన చెప్పిన అధ్యాపిక తరగతియే సాక్ష్యము. ఆ గదిలో ఆమెకు తెలిసినది విద్యార్థులకు తెలియదు. ఆ సంగతి అందరికి తెలియును. ఆమె గౌరవము చెక్కుచెదరలేదు.

చేయదగినవి

అధ్యాపకుని ఒక్కనినే మారుమని చెప్పుట నిష్ప్రయోజనము. కళాశాలలు, పెద్దలు చేయవలసిన పనులు కొన్ని కలవు.

ఒకటి: యువ అధ్యాపకునికి ఒక తరగతిని మొదటి సంవత్సరమునుండి తుది సంవత్సరము వరకు అప్పగింపవలెను. నేడు ఒక కావ్యమును ముగ్గురికి పంచి, గంటలు సరిపెట్టుచున్నారు. విద్యార్థి పేరు తెలియకముందే అర్ధసంవత్సరము ముగియుచున్నది.

రెండు: పెద్దలు యువకుల తరగతులలోను, యువకులు పెద్దల తరగతులలోను కూర్చుండవలెను. చేతిలో కాగితము ఉండరాదు, నివేదిక వ్రాయరాదు. అది ఇన్‌స్పెక్షను కాదు, శ్రవణము. పెద్దలు ముందుగ తమ తరగతి తలుపు తెరచినచో యువకులు తమ తలుపు తెరచుటకు సంకోచింపరు.

మూడు: చింతనను టైంటేబులులో చేర్చవలెను. దినమున ఒక అరగంట, తుది సంవత్సర విద్యార్థులు మొదటి సంవత్సరమువారిని కూర్చుండబెట్టుకొని పాఠము అప్పగించుకొనవలెను. అధ్యాపకుడు సమీపమున ఉండవచ్చును, గదిలో ఉండనక్కరలేదు.

నాలుగు: మిరపకోతల కాలమును మనము గుర్తింపవలెను. జనవరి, ఏప్రిల్ నడుమ విద్యార్థి రాకపోవుట అలసత్వమని వ్రాసివేయుటకు బదులు, కఠిన భాగములను అంతకు ముందే ముగించి, ఆ మాసములకు ఆవృత్తిని మిగుల్చుకొనవచ్చును. కోతకు పోయిన విద్యార్థికి, అతని ఊరివాడే యైన మరియొక విద్యార్థిని తోడుగ నియమించి పాఠము పంపవచ్చును. ఒక పల్లె కళాశాలలో ఇట్లు చేసిన యువ అధ్యాపకుని ఎరుగుదును. ఎవరును అతనికి నాయకత్వ శిక్షణ ఇయ్యలేదు.

ఐదు: మౌఖిక పరీక్షకు గౌరవము కలిగింపవలెను. మన సమీపమున తెనాలి పేరుతో ప్రసిద్ధమైన శాస్త్రపరీక్షలున్నవి. విద్యార్థులు దేశములో ఎచటెచటనో తమ గురువుల వద్ద చదువుచు, ఆరు మాసముల కొకసారి లిఖిత, మౌఖిక పరీక్షలకు కూర్చుందురు. అచట విద్యార్థి తాను చెప్పవలెను, ప్రశ్నకు ఎదురు నిలువవలెను. అట్టి పరీక్ష కలదని తెలిసిన గురువు నోట్సు చెప్పి ఊరకుండలేడు. మన కళాశాల స్థాయిలో అంత కఠిన పరీక్ష అక్కరలేదు. చదువని శ్లోకమొకటి ఇచ్చి పదచ్ఛేదము, అన్వయము అడిగినను చాలును.

మాళవికాగ్నిమిత్రములో గణదాస హరదత్తులు ఎవరు గొప్పయని వాదులాడుకొనిన ఘట్టము మనమందరము చెప్పినదే. పరివ్రాజిక వారి పాండిత్యమును నేరుగ పరీక్షింపలేదు. శిష్యుల ప్రయోగమును చూడవలెనని చెప్పినది. రంగస్థలమున అడుగు వేసినది మాళవిక. గణదాసుడు ప్రక్కన నిలిచియుండెను. నాటకములో ఈ ఘట్టమును రాజు చమత్కారముగ మాత్రమే మనము బోధించుచున్నాము. యువ అధ్యాపకుల నాయకత్వమును అంచనా వేయదలచినవారు దీనిని శాస్త్రముగ కూడ చదువవచ్చును.

నా వయస్సువారికి మిగిలిన పని కొంచెమే. ఆ కొంచెములో ఒకటి, మన యువకుల తరగతికి పోయి వెనుకబల్లపై కూర్చుండి వినుట. ఈ విషయమై పాఠకులైన అధ్యాపకులు తమ అనుభవములను, నా అభిప్రాయములకు విరుద్ధమైనవానిని సైతము, ఈ పత్రికకు వ్రాయుదురు గాకయని ప్రార్థించుచున్నాను.